ఇంటి అప్పు – ఊటకడ అడ్డుకట్ట

వికారాబాదు పట్టణమునకు చేరువనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. వానకాలము వెళ్ళిన పిమ్మట అచ్చటి సన్నని కాలువను చూచినవారికి, ఇది యొక మహానగరమును ముంచిన నది యని నమ్మబుద్ధి కాదు. అనంతపద్మనాభస్వామి దర్శనమునకు తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలు నాలుగు రాళ్ళు పేర్చి ఆ నీటిని ప్రక్కకు మళ్ళించి ఆడుకొందురు. ఆ నదియే 1908 సెప్టెంబరులో పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది ప్రాణములను బలిగొన్నది. పిమ్మట దానిని అదుపు చేయుటకు గండిపేటకడ పెద్ద ఆనకట్ట కట్టవలసివచ్చెను. ఉస్మాన్ సాగరమను ఆ జలాశయము 1920లో పూర్తియైనది. పుట్టినచోట పిల్లల చేతికి లొంగు నీరు, దిగువన ఒక రాజ్యపు బొక్కసమును కోరినది.

ఇంటికొరకు చేయు అప్పుగూడ ఇట్టిదే. తొలి సంవత్సరములలో కొద్ది సొమ్మునకు లొంగు ఋణము, పదేండ్లు గడచిన పిమ్మట అదే సొమ్మునకు లొంగదు. ఈ సంగతిని లెక్కకట్టి చూపుటయు, దీనిని ఇప్పుడే ఏల తలచుకొనవలయునో విన్నవించుటయు ఈ వ్యాసమున నా ఉద్దేశము. చదువరులలో ఉపాధ్యాయులు పెక్కుమంది యుందురు. వారిలో ఇంటి అప్పు లేనివారు కొద్దిమందియే యుందురని నా యూహ.

వడ్డీ ఎక్కుటయు దిగుటయు

2019 అక్టోబరు 1వ తేదీ నుండి బ్యాంకులు క్రొత్తగా ఇచ్చు మారుడువడ్డీ గృహఋణములను ఏదేని బాహ్య ప్రమాణమునకు ముడిపెట్టవలెనని రిజర్వు బ్యాంకు శాసించినది. పెక్కు బ్యాంకులు రెపో రేటును ప్రమాణముగా గైకొన్నవి. రెపో రేటనగా రిజర్వు బ్యాంకు తక్కిన బ్యాంకులకు స్వల్పకాలమునకు ఇచ్చు సొమ్ముపై పుచ్చుకొను వడ్డీ. 2020 మే నెలలో అది నూటికి 4గా నుండెను. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి లోపల 6.50కి ఎక్కెను. రెండేండ్లు అచ్చటనే నిలిచి, 2025 ఫిబ్రవరిలో దిగనారంభించి, ఆ యేడు డిసెంబరునాటికి 5.25 అయ్యెను.

ఎక్కినప్పుడు ఏమి జరిగినది? ముప్పది లక్షల రూపాయలను ఇరువదేండ్ల గడువునకు నూటికి 7 వడ్డీతో తెచ్చినవాని నెలవాయిదా 23,259 రూపాయలు. అప్పు తెచ్చిన క్రొత్తలోనే వడ్డీ రెండున్నర పెరిగి 9.50 అయినచో, ఒక్క నెల వడ్డీయే 23,750 రూపాయలగును. వాయిదా యంతయు పోసినను వడ్డీకే చాలదు. అసలు తరుగుటకు మారుగా పెరుగును. ఇట్టి చిక్కులలో బ్యాంకులు వాయిదాను పెంచుటకంటె గడువును పొడిగించుటయే సులభమని తలచినవి. తమ గడువు పెరిగిన సంగతియే పెక్కుమందికి తెలియలేదు.

ఫిర్యాదులు పెరుగగా 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తరువు జారీచేసినది. దాని సారాంశమిది. వడ్డీ మారినప్పుడు వాయిదాను పెంచుకొనుటయో, గడువును పొడిగించుకొనుటయో, రెండును కొంతకొంత చేయుటయో ఋణగ్రస్తుడే నిర్ణయించుకొనవచ్చును. అప్పును కొంతగాని అంతయుగాని ఎప్పుడైనను ముందుగా తీర్చుకొనవచ్చును. అసలు ఎంత తీరినది, వడ్డీ ఎంత పోయినది, ఇంక ఎన్ని వాయిదాలున్నవి అను వివరములను బ్యాంకు మూడునెలలకొకసారి తెలుపవలెను. ఇంతకుముందే, 2012లో, వ్యక్తులు తీసికొన్న మారుడువడ్డీ గృహఋణములను ముందుగా తీర్చినందుకు బ్యాంకులు అపరాధ రుసుము వసూలు చేయరాదని అదే సంస్థ నిషేధించియున్నది. స్థిరవడ్డీ ఋణమునకు ఈ రక్షణ వర్తింపకపోవచ్చును గనుక ఒడంబడికను చదువుకొనుట మేలు.

కనుక హక్కులు కలవు. వానిని వాడుకొను తెలివియే కావలెను.

మిత్తి అను మాట

తెలుగు బోధించువాడను గనుక ఒక మాట ముచ్చట చెప్పుకొందును. కావ్యభాషలో మిత్తి యనగా మృత్యువు. మన వికారాబాదు తాండూరు ప్రాంతములలో మిత్తి యనగా వడ్డీ. ఈ రెండు మాటలును ఒకే మూలమునుండి వచ్చినవని నేననను. అయినను ఇంగ్లీషువారు తాకట్టునకు వాడు ‘మార్ట్‌గేజి’ అను మాటకు ప్రాచీన ఫ్రెంచిలో ‘చచ్చిన కుదువ’ అని అర్థమని చదివినప్పుడు, అప్పునకును చావునకును గల చుట్టరికమును ఊహించినది మన పల్లెవారొక్కరే కాదని తోచును.

పల్లెలో మిత్తిని నెలకు చెప్పుదురు. ‘నూటికి రెండు రూపాయలు’ అనగా ఏడాదికి ఇరువదినాలుగు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మహిళా సంఘములకొరకు వెలసిన ‘పావలా వడ్డీ’ అనగా ఏడాదికి మూడు. బ్యాంకు చెప్పు ఎనిమిదిముప్పావు ఈ లెక్కన నెలకు నూటికి డెబ్బదిమూడు పైసలు మాత్రమే. డెబ్బదిమూడు పైసలేగదా యని నిర్లక్ష్యము చేయుదుము. కాని వడ్డీకి బలమిచ్చునది రేటొక్కటే కాదు, కాలము గూడ.

వాయిదా లోపల నేమున్నది

పలకయు బలపమును తీసికొని ఈ లెక్కను విద్యార్థులే చేయవచ్చును. అప్పు 30 లక్షలు. వడ్డీ ఏడాదికి నూటికి 8.75, గడువు 20 ఏండ్లు. నెలవాయిదా 26,511 రూపాయలు. మొదటి నెలలో వడ్డీ 21,875. అసలుక్రింద జమయగునది 4,636 మాత్రమే. పదేండ్లలో ఋణగ్రస్తుడు చెల్లించు మొత్తము 31 లక్షల 81 వేలు. తెచ్చిన అసలుకంటె అది యెక్కువ. అయినను నాటికి నిలిచియుండు బాకీ ఇంచుమించు 21 లక్షల 15 వేలు. గడువు సగము కడచినది. అప్పు మూడవవంతు గూడ తీరలేదు. ఇరువదేండ్లును ముగియునప్పటికి వడ్డీ 33 లక్షల 62 వేలగును.

ఒక్కసారిగా రాబట్టుకొను వడ్డీ అసలును మించరాదని మనుధర్మశాస్త్రము ఎనిమిదవ అధ్యాయమున నియమము కలదు. నెలనెలా తీర్చు వడ్డీకి ఆ నియమము తగులదు. అయినను వడ్డీ అసలును దాటుట మన పెద్దల మనస్సునకు వెగటు కలిగించెనని మాత్రము దానివలన తెలియుచున్నది.

ఇప్పుడు అదే ఋణగ్రస్తుడు తొలినెల నుండియే వాయిదాపైన అయిదువేలు అదనముగా పోసెననుకొందము. అప్పు 13 ఏండ్ల 7 నెలలలో తీరిపోవును. మిగులు వడ్డీ ఇంచుమించు 12 లక్షల 23 వేలు. పదేండ్లు ఊరకుండి, పిమ్మట అదే అయిదువేలు అదనముగా పోయ మొదలిడినచో మిగులునది 2 లక్షల 65 వేలు మాత్రమే.

నెలనెలా పోయలేనివారికి ఒక్కసారి పోయు లెక్క. అప్పు తెచ్చిన క్రొత్తలోనే ఒక లక్ష చెల్లించి గడువును తగ్గించుకొన్నచో ఇరువది వాయిదాలు తప్పును. పదేండ్ల తరువాత అదే లక్షకు తప్పునవి తొమ్మిది వాయిదాలు. లక్ష రూపాయలకు విలువ నోటుమీద నొకటియే. అప్పు పుస్తకములో మాత్రము అది తేదీని బట్టి మారును. అనంతగిరికడ నాలుగు రాళ్ళనగా ఇదియే.

2025లో వడ్డీ తగ్గినవారికి ఇంతకంటె సులభమైన మార్గము కలదు. 30 లక్షల బాకీపై, ఇరువదేండ్ల గడువు మిగిలియుండగా వడ్డీ 8.75 నుండి 7.50కి దిగెననుకొందము. బ్యాంకు వాయిదాను 24,168కి తగ్గింపవచ్చును. ఆ తగ్గింపును వలదని, పాత 26,511నే పోయుచుండినచో అప్పు 16 ఏండ్ల 5 నెలలకే ముగియును. మిగులు సొమ్ము 5 లక్షల 73 వేలు. ఇందుకొరకు ఇంటి ఖర్చులో ఒక్క రూపాయి తగ్గించుకొన పనిలేదు. నిన్నటివరకు మోసిన బరువునే మోయవలెను. వడ్డీ దిగిన వేళ వాయిదాను దింపుకొనకుండుటయే నేటి గృహస్థునకు నేను చెప్పదలచిన మొదటి మాట.

మా యింటి కథ

ఈ లెక్కలు నాకు పుస్తకములు నేర్పలేదు. నలుబదియైదేండ్ల వయసున, 2015లో, ఇరువదేండ్ల గడువుతో అప్పు తెచ్చి యిల్లు కట్టితిని. గడువు తీరునాటికి నాకు అరువదియైదేండ్లు. ఉద్యోగమో, 2021లో తెలంగాణ ప్రభుత్వము వయఃపరిమితిని పెంచిన తరువాతను, అరువదియొకటవ యేటనే ముగియును. జీతము లేని యేండ్ల వాయిదాలు ఎట్లు కట్టుదునను చింత గృహప్రవేశమునాడే ప్రవేశించినది.

2018లో పాత బకాయిలు లక్షన్నర చేతికి వచ్చినవి. బ్యాంకునకు పోయి చెల్లించి, గడువు తగ్గెనని సంతోషముతో తిరిగివచ్చితిని. పదినెలల పిమ్మట లెక్క తీసి చూడగా తగ్గినది వాయిదా. గడువు అట్లే యున్నది. తప్పు నాది. నేనేమి కోరుచున్నానో కాగితముమీద వ్రాసి యీయలేదు. నాటి నుండి అదనము చెల్లించు ప్రతిసారియు ‘వాయిదా మార్పవలదు, గడువు తగ్గింపుడు’ అని వ్రాసి, నకలుపై ముద్ర వేయించుకొనుట అలవాటు చేసికొంటిని.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. లెక్క తెలిసిన ఉత్సాహమున, నెలాఖరునకు మిగిలిన ప్రతి రూపాయిని అప్పులోనే పోయసాగితిని. ఇంటి జమాఖర్చుల పుస్తకము వ్రాయు నా భార్య ఒకనాడు, “అంతా బ్యాంకులోనే పోస్తే రేపు అత్తమ్మకు ఏమన్నా అయితే ఎట్లండీ?” అని యడిగినది. వడ్డీ లెక్క చెప్పి ఆమె నోరు మూయించితిని. 2021లో మా యమ్మ జారిపడి తుంటి యెముక విరిగినది. శస్త్రచికిత్సకు సొమ్ము వెంటనే కావలసివచ్చెను. బ్యాంకులో ముందుగా పోసిన సొమ్ము తిరిగి రాదు. నూటికి రెండు రూపాయల మిత్తికి ఊరిలో చేబదులు తెచ్చితిని. ఎనిమిది వడ్డీ అప్పును ముందుగా తీర్చుచు ఇరువదినాలుగు వడ్డీ అప్పు చేసిన పండితుడను నేనే. అది తీరుటకు పదునాలుగు నెలలు పట్టినది. అమ్మ కోలుకొన్నది. నా గర్వము కోలుకొనలేదు. అది మేలే అయినది.

కనుక క్రమమిది. మొదట పెద్ద వడ్డీ అప్పులు, అనగా చేబదుళ్ళు, క్రెడిట్ కార్డు బాకీలు తీర్చవలెను. పిదప ఆరునెలల ఇంటి ఖర్చును వేరుగా భద్రపరుపవలెను. వైద్యబీమాయు, సంపాదించువాని పేర జీవితబీమాయు ఉండవలెను. అటుపిమ్మటనే గృహఋణమునకు అదనపు చెల్లింపు. కావలసినప్పుడు తిరిగి తీసికొను వీలుతో అదనపు సొమ్మును జమచేసికొను ఓవర్ డ్రాఫ్టు పద్ధతి గృహఋణములను కొన్ని బ్యాంకులు ఇచ్చుచున్నవి. వడ్డీ యొకింత ఎక్కువైనను, నావంటివారికి అదియే క్షేమము.

పొదుపు వేరు, పిసినారితనము వేరు

అదనపు సొమ్ము ఎచ్చటనుండి వచ్చును? పొదుపు నుండి. అయితే పొదుపను మాట నేడు పాతబడినది. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అను సామెతను మనము తలక్రిందు చేసితిమి. ఇరుగుపొరుగువారు చూచుటకే ఇల్లు కట్టుచున్నాము.

మాకు కూతవేటు దూరముననున్న తాండూరులో నేల త్రవ్విన బండ దొరకును. నీలివన్నెదియు పసుపువన్నెదియు నగు ఆ నాపబండ దేశమున పలుచోట్లకు రైలెక్కి పోవుచున్నది. తాండూరువారే మాత్రము దూరదేశపు పాలరాతిని తెప్పించి పరచుకొనుట చూచితిని. మా యింట తాండూరు బండయే పరచితిమి. వేసవిలో దానిమీద చాపకూడ లేక పండుకొనవచ్చును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది, మన జొన్న – ఈ రెండుండగా ఆదివారపు భోజనమునకు హోటలు వెదుక పనిలేదు. ఇవి త్యాగములు కావు. మన చేతనున్న మేలిమిని గుర్తించుట మాత్రమే.

ఏటేట వచ్చు జీతపు పెరుగుదలలో సగము వాయిదాకు చేర్చుటయు మంచి పద్ధతి. రాని సొమ్మును ఖర్చుచేయు అలవాటు పుట్టకముందే అది అప్పులో పడును. పిల్లల పుస్తకములు, ముసలివారి మందులు, ఇంటిల్లాలి విశ్రాంతి – వీనిని కోసి చేయునది మాత్రము పొదుపు కాదు. అది తన అప్పును ఇంటిలోని బలహీనుల పేర వ్రాయుట.

ఆరణ్యపర్వమున యక్షుడు, సుఖి యెవడని ధర్మరాజును ప్రశ్నించును. అప్పు లేక, పరదేశవాసము లేక, పగలు ఎంత ప్రొద్దుపోయినను తన యింట కూరాకు వండుకొని తినువాడే సుఖియని ఆయన బదులిచ్చును. స్వగృహము, అనృణము, మితాహారము – మూడును ఒక్క సమాధానములోనే యిమిడియున్నవి. అందొకటి లేనిచో తక్కిన రెంటికి రుచి లేదని భావము.

ఎదురువాదము

అర్థశాస్త్రము చదివిన నా మిత్రులు ఒప్పుకొనరు. ఆ అయిదువేలను వాటాల నిధులలో పెట్టినచో అప్పు వడ్డీకంటె ఎక్కువ రాదా యందురు. రావచ్చును, రాకపోవచ్చును. అప్పు తీర్చుటవలన మిగులు వడ్డీ మాత్రము నిశ్చయము. పాత ఆదాయపు పన్ను పద్ధతిలో స్వంత నివాసపు గృహఋణ వడ్డీపై ఏటికి రెండు లక్షలవరకు తగ్గింపు కలదు గదా యని మరియొక వాదము. నిజమే. 2023-24 నుండి ఎన్నిక లేనిచో తానుగా వర్తించు క్రొత్త పద్ధతిలో ఆ తగ్గింపు లేదు. ఎవరు ఏ పద్ధతిలో నున్నారో చూచుకొని లెక్కకట్టవలెను. 2020 ఏప్రిల్ నుండి 2025 ముగియువరకు ప్రజా భవిష్యనిధి వడ్డీ నూటికి 7.1గా నున్నది. అప్పు వడ్డీ ఏడున్నరయే అయినచో రెంటి నడుమ భేదము స్వల్పము. చిన్న వయసువారు సగమిటు, సగమటు పెట్టినను తప్పులేదు. ఏబది దాటినవారికి మాత్రము, జీతమాగిన నెలలో వాయిదా లేకుండుటకు సాటియైన లాభము వేరొకటి కానరాదు.

మిగులు లేనివారు

ఇంతవరకు చెప్పినదంతయు జీతగాండ్రకు. తాండూరు గనులలో బండ కొట్టు కూలివానికి ఈ వ్యాసము దేనికి పనికివచ్చును? వానికి బ్యాంకు గృహఋణమే దొరకదు. దొరకిన అప్పు వారపు వాయిదాలది, లేదా రెండు రూపాయల మిత్తిది. ముందుగా తీర్చుటకు మిగులు కావలెను. మిగులునకు కూలి చాలవలెను. పొదుపు చేయని తప్పు పేదవానిపై మోపువారు ఈ మెట్టును మరచుచున్నారు.

పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశమున గృహనిర్మాణ సంస్థవద్ద పేదలు తీసికొన్న పాత ఋణములకు 2021 డిసెంబరులో ఒక్కసారి చెల్లింపు పథకము వచ్చినది. గ్రామములలో పదివేలు, పురపాలకములలో పదునైదువేలు, నగరపాలకములలో ఇరువదివేలు చెల్లించినచో బాకీ కొట్టివేసి హక్కుపత్రము లిత్తుమనిరి. దానిపై రాజకీయ వాదోపవాదములెట్లున్నను, ఒక సత్యము బయటపడినది. దశాబ్దములుగా ఆ యిండ్లలో కాపురముండియు, తమ యింటి కాగితము తమ చేతలేని కుటుంబములు అసంఖ్యాకములు.

అప్పు ముగియుటకే పుట్టవలెనను భావము క్రొత్తది కాదు. 1775లో ఇంగ్లండు బర్మింగ్‌హామ్ పట్టణమున కెట్లీ గృహనిర్మాణ సంఘము వెలసినది. సభ్యులు నెలనెలా చందా వేసికొని ఒకరి తరువాత నొకరు ఇల్లు కట్టుకొనవలెను. అందరికిని ఇండ్లు అమరిన పిమ్మట సంఘమే రద్దగుట నాటి అట్టి సంఘముల పద్ధతి. మన దేశమున 1977లో గృహఋణములకే ప్రత్యేకించిన ప్రైవేటు సంస్థ వెలసిన తరువాత మధ్యతరగతికి ఈ మార్గము క్రమముగా తెరువబడినది. కూలివానికి ఇంకను తెరువబడవలసియున్నది.

బడిలో చేయదగిన పని

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. చక్రవడ్డీ పాఠము మన పిల్లలు చదువుచునే యున్నారు. కాని అది వారికి పరీక్షలో నాలుగు మార్కుల లెక్క మాత్రమే. ఒకమారు ఇంటి వాయిదా పత్రమును తెమ్మనుడు. అందులో అసలెంత, వడ్డీ యెంత యని వారిచేతనే విడదీయింపుడు. గని కూలివాని బిడ్డ యున్నచో ‘రెండు రూపాయల మిత్తి’ని ఏడాది లెక్కకు మార్పించుడు. ఆ సాయంకాలము ప్రతి యింటను ఒక సంభాషణ జరుగును. తండ్రికి తెలియని సంగతి కొడుకో కూతురో చెప్పినప్పుడు అది మరపునకు రాదు.

నా అప్పు 2025 నవంబరులో తీరినది. అప్పు తీరిన ముప్పది దినములలో మూలపత్రములు తిరిగి యీయవలెననియు, ఈయనిచో దినమునకు అయిదువేల రూపాయలు చెల్లింపవలెననియు రిజర్వు బ్యాంకు 2023లో చేసిన నియమము ఆ యేడు డిసెంబరు 1 నుండి అమలులో నున్నది. ఇరువదిరెండవ నాడు నా పత్రములు వచ్చినవి. నా భార్య వానిని పసుపుబట్టలో చుట్టి పెట్టెలో నుంచుచు, “ఇప్పుడు అత్తమ్మ మందుల డబ్బు పక్కన పెట్టి, మిగిలింది చెప్పండి” అన్నది. పుస్తకము ఆమె చేతనే యున్నది. ఈసారి నేను వడ్డీ లెక్క చెప్పలేదు.